ఒకే వంట, వేరువేరు కంచాలు

ఆరోగ్యంగా తినడానికి, ఒంటికి తగిన పని చెప్పడానికి సూత్రాలు లోకమంతటా దాదాపు ఒకటే. కూరగాయలు ఎక్కువగా, పప్పు సరిపడా తినాలి. ఉప్పు, నూనె, పంచదార తగ్గాలి. రోజూ కొంత నడవాలి. ఈ మాటలు వినని ఇల్లు ఇప్పుడు అరుదు. అయినా చాలామంది ఉగాదికో, పుట్టినరోజుకో కొత్త నియమం మొదలుపెట్టి నెల తిరక్కుండానే వదిలేస్తారు. సూత్రంతో పాటు ఎదుటివారి పద్ధతిని కూడా అరువు తెచ్చుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. సూత్రం అందరికీ చెల్లుతుంది. పద్ధతి మాత్రం ఎవరి వయసును, పనిని, వంటింటిని, ఆదాయాన్ని, జబ్బును, రుచిని బట్టి వారు కుదుర్చుకోవలసినది.

ఈ మాటకు పరిశోధనల బలం ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందితో ఏడాది పాటు ఒక అధ్యయనం జరిపి 2018లో ఫలితాలు ప్రచురించింది. వారిలో ఒక జట్టుకు కొవ్వు తక్కువగా ఉండే ఆహారం, రెండో జట్టుకు పిండిపదార్థాలు తక్కువగా ఉండే ఆహారం సూచించారు. ఏడాది చివరికి మొదటి జట్టువారు సగటున 5.3 కిలోలు, రెండో జట్టువారు 6 కిలోలు తగ్గారు. రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా అంతా మనుషుల మధ్యే ఉంది. ఒకే జట్టులో పాతిక కిలోలకు పైగా తగ్గినవారూ ఉన్నారు, ఉన్న బరువు ఇంకా పెరిగినవారూ ఉన్నారు. ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. రెండు జట్లకూ ఉమ్మడిగా ఇచ్చిన సలహా ఒకటే: కూరగాయలు బాగా తినడం, పంచదార, మైదా తగ్గించడం, వీలైనంతవరకు ఇంట్లో వండుకున్నది తినడం.

అంతకు మూడేళ్ల ముందు, 2015లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మంది రక్తంలో చక్కెరను వారం రోజుల పాటు కొలిచి చూసింది. ఒకే రకం తిండి తిన్నా ఒకరిలో చక్కెర బాగా పెరిగితే మరొకరిలో అంతగా పెరగలేదని తేలింది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు, నిద్ర, వ్యాయామం, అంతకుముందు తిన్న తిండి వంటివి ఈ తేడాకు తోడవుతాయి. ఒకరికి పనికొచ్చిన పథ్యం మరొకరికి పనికిరాకపోతే, అది ప్రతిసారీ మనసు గట్టిగా లేకపోవడం వల్లనే కాదని దీని సారాంశం.

ఇక ఉమ్మడి సూత్రం సంగతి. భారతీయుల ఆహారానికి కొలతలు నిర్ణయించే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న ప్రయోగశాల ప్రారంభించారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలింది. ఈ సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమైన మనిషికి సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, పప్పులూ గుడ్లూ మాంసాహారం కలిపి 85 గ్రాములు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 27 గ్రాముల నూనె సరిపోతాయి. ధాన్యాలు, పప్పుల తూకం వండకముందుది. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని ఆ సంస్థ సూచన.

ఈ కొలతను తెలుగువారి కంచం పక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. తెలుగు భోజనానికి ఒక వరస ఉంది. మొదట పప్పన్నం, తరువాత కూరన్నం, ఆపైన పులుసన్నమో చారన్నమో, చివరికి పెరుగన్నం. వరస మారినప్పుడల్లా కంచంలోకి అన్నం మళ్లీ వస్తుంది. పొడులు, పచ్చళ్లు ఉప్పగా, కారంగా ఉంటాయి కాబట్టి వాటికీ అన్నం కావాలి. చివరికి నాలుగైదు రకాలు తిన్నట్టు అనిపించినా కడుపులోకి పోయిందంతా ఎక్కువగా బియ్యమే. పొద్దున తిన్న ఇడ్లీ, దోసె, ఉప్మా, రాత్రి చపాతీ కూడా ధాన్యాల లెక్కలోకే వస్తాయి. 250 గ్రాముల బియ్యం వండితే ముప్పావు కిలో దాకా అన్నం అవుతుంది. పొద్దుటి టిఫిన్‌కు అందులో వాటా తీసేస్తే, రెండు పూటలకూ కలిపి మిగిలేది అరకిలో అన్నమే.

దీనికి అన్నం మానేయడం మందు కాదు. అన్నంలో కూర కలుపుకునే అలవాటును కూరలో అన్నం కలుపుకునే అలవాటుగా తిప్పుకోవడం చాలామందికి కుదిరే మార్పు. కంచంలో ముందుగా కూర, ఆకుకూర పప్పు పెట్టుకుని, ఆ తరువాతే గరిటెతో అన్నం వడ్డించుకుంటే కొలత దానంతటదే మారుతుంది. కూర, పప్పు ముందు తిని అన్నం ఆఖరున తింటే భోజనం తరువాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని మధుమేహులపై జరిగిన చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. వరస తప్పడం ఇష్టం లేనివారు వరసకు ఒక గరిటె అన్నంతో సరిపెట్టుకోవచ్చు. ఈ రెండింట్లో ఏది సులువుగా సాగితే అదే ఆ మనిషికి సరైన పద్ధతి.

ఒకే ఇంట్లోనూ అవసరాలు ఒకటిగా ఉండవు. షుగర్ ఉన్న తాతగారు, రక్తం తక్కువగా ఉన్న కోడలు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే కొడుకు, ఎదిగే పిల్ల ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటారు. నలుగురికీ నాలుగు వంటలు ఏ ఇంట్లోనూ సాగవు. అందుకే మార్పు వంటలో కన్నా వడ్డనలో రావాలి. అదే తోటకూర పప్పు, అదే బీరకాయ కూర, అదే పెరుగు. తాతగారి కంచంలో అన్నం ఒక గరిటె తగ్గి కూర పెరుగుతుంది. కోడలి కంచంలో ఆకుకూరతో పాటు ఒక నిమ్మబద్ద చేరుతుంది, ఎందుకంటే అందులోని విటమిన్ సి ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనంతో పాటే టీ, కాఫీ తాగితే అదే ఇనుము సరిగా పట్టదు. పిల్ల కంచంలో ఒక గుడ్డు, కాస్త నెయ్యి అదనం. కొడుకు కంచంలో మారుసారి అన్నానికి బదులు మరో గరిటె పప్పు.

కోడలి కంచం గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందరికీ వడ్డించి ఆఖరున, మిగిలినదానితో తినే ఆచారం చాలా ఇళ్లలో ఇంకా ఉంది. గిన్నెలో అడుగంటేది కూర, మిగిలేది అన్నం, పచ్చడి. ఆ ఇంట్లో ఆరోగ్యకరమైన ఆహారానికి మొదటి మెట్టు కొత్త వంటకం నేర్చుకోవడం కాదు, అందరూ ఒకేసారి కూర్చుని తినడం.

మాంసకృత్తుల లెక్క కూడా ఇలాంటిదే. పెద్దవారికి శరీరం బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో ఆరేడు గ్రాములు, గ్లాసు పాలలో ఆరు గ్రాముల దాకా ఉంటాయి. నీళ్లగా కాచిన పప్పుచారును పప్పు లెక్కలో వేసుకుంటే మోసపోయినట్టే. పెసరట్టు, ఉడికించిన శనగలు, అలసంద వడలకు బదులు అలసంద గుగ్గిళ్లు, ఉలవచారుకు తీసిపెట్టిన ఉలవలతో చేసిన తాలింపు, ఇవన్నీ తెలుగు వంటింట్లో ఉన్నవే. మాంసాహారులకు చేపల పులుసు, కోడికూర సులువైన మార్గం, వేపుడు కాకుండా ఉంటే మరీ మంచిది.

ధాన్యం విషయంలో తెలుగు నేల గొప్ప వైవిధ్యం చూసింది. రాయలసీమకు రాగి సంకటి, కొర్రలు, తెలంగాణకు జొన్నరొట్టె, ఉత్తరాంధ్రకు చోడి అంబలి ఒకప్పుడు రోజువారీ తిండి. కాలువల సాగు, చౌక బియ్యం వచ్చాక వరి అన్ని కంచాల్లోకీ చేరింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత వీటికి మళ్లీ గిరాకీ పెరిగింది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది దానితో పోలిస్తే నామమాత్రం. పీచు కూడా ఎక్కువే. అయితే కొర్రలైనా జొన్నలైనా ధాన్యమే. బియ్యానికి బదులుగా తింటే మేలు చేస్తాయి, బియ్యంతో పాటు అదనంగా తింటే బరువు పెంచుతాయి. పిండిగా మరపట్టి జావ కాచినదాని కంటే గింజగా వండినది నెమ్మదిగా అరుగుతుంది. చిరుధాన్యాలు కడుపుకు పడనివారు, కొనే స్తోమత లేనివారు పాలిష్ తక్కువగా పట్టిన బియ్యాన్ని ఎంచుకోవచ్చు. బియ్యాన్ని పదేపదే కడగకుండా, గంజి వార్చకుండా వండితే బి విటమిన్లు కొంతవరకైనా నిలుస్తాయి.

తగ్గించవలసిన వాటిలో ఉప్పుది మొదటి స్థానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటవద్దంటుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉన్న ఇంట్లో ఈ కోటా కూరలో ఉప్పు వేయకముందే సగం ఖర్చవుతుంది. పచ్చడి లేకుండా ముద్ద దిగనివారు ఒక పూటకు పరిమితం చేసుకుంటే చాలు. మజ్జిగలో, పెరుగన్నంలో వేసే ఉప్పు మానడం అంతకంటే సులువు.

పంచదార లెక్క టీ గ్లాసులో తేలుతుంది. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు కప్పులు తాగితే ఎనిమిది చెంచాలు, అంటే దాదాపు 40 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బెల్లం వేసుకున్నా ఈ లెక్క పెద్దగా మారదు. ఒకరికి కప్పులు తగ్గించడం సులువు, మరొకరికి చెంచాలు తగ్గించడం సులువు. నూనె విషయంలో నెలకు ఇంట్లోకి వచ్చే ప్యాకెట్లను మనుషుల సంఖ్యతో భాగిస్తే చాలు. మనిషికి నెలకు లీటరు లోపే ఉండాలి. వండుకునే తీరిక లేక కర్రీ పాయింట్ మీద ఆధారపడేవారు వేపుళ్ల బదులు పప్పు, పులుసుకూర తెచ్చుకుని, ఇంట్లో దోసకాయ, టమాటా తరిగి పక్కన పెట్టుకుంటే ఆ పూటకు అదే సరైన పద్ధతి.

ఎవరికి ఎంత మార్పు కావాలో ఒంటి కొలతలు చెబుతాయి. బరువు ఒక్కటే చూస్తే చాలదు. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోలతో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుల ఒంట్లోనూ కొవ్వు ఎక్కువగా ఉండవచ్చని, అది పొట్ట చుట్టూ చేరుతుందని ఆ వ్యాసం లోకానికి చూపింది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుం కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు. దర్జీ టేపు ఒకటి, ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్ పరీక్ష ఉంటే ఎవరి పరిస్థితి ఏమిటో తెలిసిపోతుంది.

తిండికి జోడు శ్రమ. దాని విలువ మొదట బస్సుల్లో బయటపడింది. లండన్‌లోని రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రకటించారు. సంస్థ ఒకటే, బస్సు ఒకటే, చేసే పనిలోనే తేడా. ఇప్పుడు డ్రైవర్ సీటు లాంటి కుర్చీల్లో చాలామంది రోజు గడుపుతున్నారు. 2022 నాటికి భారతదేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అంచనా. ఆడవారిలో ఈ లోటు మగవారి కంటే ఎక్కువ.

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ఆ సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే అది ఓ మోస్తరు శ్రమ. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే కనీస లెక్క పూర్తవుతుంది. అరగంట ఒక్కసారిగా దొరకనివారు పది, ఐదు నిమిషాలుగా విడగొట్టుకున్నా ఫలితం ఉంటుంది. ఫోన్లు చూపించే పదివేల అడుగుల లక్ష్యం మాత్రం వైద్యుల నుంచి పుట్టినది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుకు అర్థం పదివేల అడుగులు, అక్కడి నుంచి ఆ అంకె లోకమంతా పాకింది. అమెరికాలో వయసు మళ్లిన స్త్రీలపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 2700 అడుగులు వేసేవారి కంటే 4400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. మూడువేలు నడిచే మనిషికి మరో వెయ్యి అడుగులు చిన్న విషయం కాదన్నమాట.

నడకతో పాటు కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలి. ముప్పై దాటాక కండ మెల్లగా తగ్గుతుంది, అరవై దాటాక ఆ తగ్గుదల వేగమవుతుంది. దీనికి జిమ్ తప్పనిసరి కాదు. ఊళ్లలోని పాత వ్యాయామశాలల్లో తీయించిన దండీలు, బస్కీలు ఇందుకు పనికొచ్చేవే. పెద్దవయసువారికి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం పడిపోకుండా కాపాడతాయి.

ఇక్కడా చేసే పనిని బట్టే పద్ధతి. వరినాట్లు వేసే కూలీకి, మూటలు మోసే హమాలీకి మరో గంట నడక అవసరం లేదు. వారికి కావలసింది నడుముకు విశ్రాంతి, శ్రమకు తగ్గ పప్పు, గుడ్డు, ఎండలో సరిపడా నీళ్లు. బీడీలు చుట్టే స్త్రీకి, కుట్టుమిషను ముందు కూర్చునే దర్జీకి, ఆటో డ్రైవరుకు చేతులు ఆడతాయి గాని ఒళ్లు కదలదు. వారికి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మొదటి మందు. రాత్రి షిఫ్టు చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి నడక కన్నా ముందు నిద్రవేళ, భోజనవేళ కుదరాలి. తెలుగు నేల మీద ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటలకే ఎండ కాస్తుంది కాబట్టి వేసవి నడకను తెల్లవారకముందుకో, మేడమీద రాత్రివేళకో మార్చుకోవాలి. పార్కు దగ్గరలో లేనివారికి భోంచేశాక పది, పదిహేను నిమిషాల నడక మంచి మార్గం. భోజనం తరువాతి చక్కెరను అది తగ్గిస్తుంది.

పద్ధతిని కుదుర్చుకోవడానికి ముందు ఒక వారం రాసి చూసుకోవడం మంచిది. ఏం తిన్నారు, ఎంత, ఎప్పుడు, ఎంతసేపు కూర్చున్నారు అన్నది ఉన్నదున్నట్టు రాస్తే, సాయంత్రం బజ్జీల దగ్గరో, పొద్దుపోయాక తినే భోజనం దగ్గరో లోపం కనిపిస్తుంది. అక్కడ ఒకే ఒక్క మార్పు ఎంచుకోవాలి. ఆ మార్పును ఇప్పటికే ఉన్న ఒక పనికి ముడివేస్తే గుర్తు పెట్టుకోవలసిన అవసరం ఉండదు: రాత్రి కంచం కడిగాక వీధి చివరిదాకా నడవడం, పాలప్యాకెట్‌కు బండి తీయకుండా వెళ్లడం, పొద్దున కాఫీ కాగేలోపు పది బస్కీలు తీయడం. లండన్ విశ్వవిద్యాలయ కళాశాల 96 మందిపై జరిపిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరింది, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. సంక్రాంతికి అరిసెలు, పెళ్లిలో విందు తిన్నంత మాత్రాన ఏడాది శ్రమ పోదు. పండగ మరునాడు మామూలు కంచానికి తిరిగి రావడమే ముఖ్యం.

కొందరు మాత్రం వైద్యుల సలహా లేకుండా తిండి మార్చకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉన్నట్టుండి అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, మాంసం ఎంత తినాలో వైద్యులే చెప్పాలి. గర్భిణులు, పిల్లలు, బరువు తక్కువగా ఉన్న వృద్ధులు బరువు తగ్గించే పథ్యాల జోలికి పోరాదు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు నెలలయ్యాక నడుం కొలత, బీపీ, షుగర్ మరోసారి చూసుకుంటే ఎంచుకున్న పద్ధతి పనిచేసిందో లేదో తెలుస్తుంది. పనిచేస్తే కొనసాగించాలి, చేయకపోతే సూత్రాన్ని అలాగే ఉంచి పద్ధతిని మార్చుకోవాలి. పదేళ్ల తరువాత కూడా అదే ఇంట్లో, అదే జీతంతో, అదే పని చేసుకుంటూ సాగించగలిగిన పద్ధతే ఆ మనిషికి తగిన పద్ధతి.